కానుక, లంచము, న్యాయపీఠము

తెలుగులో "కానుక" వేరు, "లంచము" వేరు. ఉర్దూలోను "తోఫా" వేరు, "రిష్వత్" వేరు. ఈ రెండు భాషలను ఒకే ప్రాంగణమున చదువుకొనుచున్న మన విద్యార్థులకు ఈ మాటల భేదమును ఎవరును బోధింపనక్కరలేదు. కాని పుచ్చుకొనువాడు న్యాయమూర్తియైనప్పుడు ఆ భేదము ఎచట మొదలగునో, ఎచట ముగియునో చెప్పుట అంత సులభము కాదు. ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తికి కానుక ఇయ్యవచ్చునా? ఆయన దానిని పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొన్నచో అడుగువారెవరు? ఈ ప్రశ్నలను చరిత్ర వెలుగునను, చట్టము వెలుగునను ఈ వ్యాసమున కొంత వివరింపదలచినాము.

కానుక స్వభావము

కానుక స్వతహాగా చెడ్డది కాదు. ఈదునాడు పెద్దలు పిల్లల చేతిలో పెట్టు ఈదీ, సంక్రాంతికి అల్లునికి పెట్టు కొత్తబట్టలు, పెండ్లిలో బంధువులు చదివించు చదివింపులు మన జీవితమునకు అందము తెచ్చునవే. పుచ్చుకొన్నవాని మనస్సున ఇచ్చినవాని యెడల ఒక మెత్తదనము కలుగును. సామాన్య జీవితమున ఆ మెత్తదనమే కానుకకు ప్రయోజనము. న్యాయపీఠముమీద కూర్చున్నవాని విషయమున అదే దానికి దోషము.

మన రాజ్యాంగమును వ్రాసినవారు ఈ సంగతిని బాగుగా ఎరుగుదురు. 219వ అధికరణము ప్రకారము ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి పదవి చేపట్టుటకు ముందు గవర్నరు ఎదుట ప్రమాణము చేయవలెను. ఆ ప్రమాణపు పాఠము మూడవ షెడ్యూలునందు కలదు. భయము గాని పక్షపాతము గాని, అనురాగము గాని ద్వేషము గాని లేకుండ విధిని నిర్వర్తింతునని ఆయన అందు ప్రమాణము చేయును. ఇందు గమనింపదగిన మాట "అనురాగము". భయమును, ద్వేషమును విడువుమని చెప్పుట అందరికి అర్థమగును. అనురాగమును సైతము విడువుమని చెప్పుటలో ఒక లోతు ఉన్నది. బెదిరింపు భయము ద్వారమున లోపలికి వచ్చును. కానుక అనురాగపు ద్వారమున వచ్చును. ఏ ద్వారమున వచ్చినను త్రాసు ఒకవైపునకు ఒరుగును.

లంచము ఒక బేరము. "ఇంత ఇత్తును, ఇది చేయుము" అని ఒకడు పలుకును, రెండవవాడు ఒప్పుకొనును. బేరము రుజువైనచో నేరము రుజువైనట్లే. కానుకలో బేరము కనబడదు. ఇచ్చినవాడు ఏమియు అడుగడు; పుచ్చుకొన్నవాడు ఏమియు మాట ఇయ్యడు. అందువలననే "నేను తీర్పును అమ్ముకొనలేదు గదా" అని పుచ్చుకొన్న న్యాయమూర్తి నిర్మలమైన మనస్సుతోనే అనుకొనవచ్చును. ఈ సమాధానము చాలునా చాలదా అనునదే మన విషయమునకు కీలకము. చరిత్రలో ఈ సమాధానమును చెప్పిన ప్రఖ్యాతుడు ఒకడు కలడు.

బేకన్ చెప్పిన సమాధానము

ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ పేరు మన కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చదువువారందరు ఎరుగుదురు. ఆయన ఇంగ్లండునకు లార్డు ఛాన్సలరుగా, అనగా ఆ దేశపు అత్యున్నత న్యాయాధికారులలో ఒకనిగా ఉండెడివాడు. 1621లో పార్లమెంటు ఆయనమీద 28 అభియోగములను మోపినది. అవి చాలవరకు కక్షిదారులనుండి ధనము, కానుకలు పుచ్చుకొన్నాడనునవే. బేకన్ తప్పును ఒప్పుకొన్నాడు. కాని కానుక చూచి తాను న్యాయమును తప్పలేదని కూడ చెప్పినాడు.

ఆయన మాట పూర్తిగా అసత్యము కాదు. ఆయనపై మొదట ఫిర్యాదు చేసినవారు ఇద్దరు. అందు ఆబ్రీ అనువాడు నూరు పౌనులును, ఎగర్టన్ అనువాడు నాలుగు వందల పౌనులును ఇచ్చియుండిరి. ఇద్దరికిని తీర్పు ప్రతికూలముగానే వచ్చినది. అందువలననే వారు ఫిర్యాదు చేసినారు. అయినను పార్లమెంటు ఆయనకు నలుబదివేల పౌనుల జుల్మానా విధించి, లండను కోటలో బంధించి, మరల ఏ ప్రభుత్వ పదవికిని అర్హుడు కాకుండ చేసినది. తరువాత రాజు జుల్మానాను రద్దుపరచి కొద్ది దినములలోనే విడిపించినాడు గాని, బేకన్ మరల న్యాయపీఠము ఎక్కలేదు.

ఇచ్చినవానికే వ్యతిరేకముగా తీర్పు చెప్పిన న్యాయమూర్తిని ఏల శిక్షింపవలెనని విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము కానుక ఇయ్యని కక్షిదారునియందు ఉన్నది. ఎదుటివాడు న్యాయమూర్తి ఇంటికి వెండి గిన్నె పంపినట్లు వానికి తెలిసినదనుకొనుడు. తాను ఓడినచో "వెండి గిన్నె గెలిచినది" అని వాడు అనుకొనును. ఇక గెలిచినను, "నేను ఒక పళ్ళెము పంపియుండినచో ఇంకను త్వరగా గెలిచియుందునేమో" అని అనుకొనును. తీర్పు సరియైనదే కావచ్చును. దానిని నమ్ముటకు వానికి ఆధారము లేకపోయినది. న్యాయమూర్తి హృదయములో ఏమి జరిగినదో కక్షిదారుడు చూడలేడు. కనబడునది న్యాయమూర్తి ఇంటి వాకిలి మాత్రమే.

బేకన్ పతనమునకు అర్ధశతాబ్దము గడవకముందే అదే దేశమున సర్ మాథ్యూ హేల్ అను న్యాయమూర్తి దీనికి భిన్నమైన మార్గమును చూపినాడు. జిల్లాలు తిరుగుచు విచారణ జరుపు న్యాయమూర్తులకు ఒక పెద్దమనిషి వేటమాంసమును పంపుట వాడుక. ఒకమారు ఆ పెద్దమనిషి వ్యాజ్యమే హేల్ ఎదుటికి వచ్చినది. పేరు వినగానే హేల్ ఆయనను గుర్తించి, మాంసమునకు వెల చెల్లించినగాని విచారణ మొదలుపెట్టనని చెప్పినాడు. తాను మాంసము అమ్ముకొనువాడను కానని, వచ్చిన ప్రతి న్యాయమూర్తికిని ఇట్లే పంపుదునని పెద్దమనిషి చెప్పినాడు. ఇతరులును అది నిజమేనన్నారు. హేల్ వినలేదు. పెద్దమనిషి కోపించి వ్యాజ్యమునే ఉపసంహరించుకొన్నాడు. సాల్స్‌బరీ నగరమున అక్కడి మతపెద్దలు వాడుకగా ఆరు చక్కెర ముద్దలు పంపగా, వారి వ్యాజ్యము విచారించుటకు ముందు వానికి కూడ వెల చెల్లింపజేసినాడు. ఆరు చక్కెర ముద్దలకు తీర్పును ఎవరు అమ్ముకొందురు? హేల్‌కు అది తెలియక కాదు. వెల చిన్నదైనచో నియమము సడలవచ్చునని ఒప్పుకొన్న పిదప, ఎంతటి వెలవద్ద ఆగవలెనో ఎవరును చెప్పలేరని ఎరిగినందుననే ఆయన చక్కెరకును లెక్క కట్టినాడు.

ఖాజీకి విధించిన నియమములు

ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగా ఆలోచించినవారు ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు. దీనికి మూలమైన ఒక సంఘటన హదీసు గ్రంథములలో ప్రసిద్ధము. జకాతు వసూలు చేయుటకు పంపబడిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, కొంత సొమ్ము ప్రభుత్వముదనియు, కొంత తనకు కానుకగా ఇచ్చినదనియు వేరుచేసి చూపినాడు. ప్రవక్త మహమ్మదువారు దానికి సమ్మతింపలేదు. ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంటనే కూర్చుండియున్నచో ఆ కానుకలు వచ్చియుండెడివా యని వారు ప్రజల ఎదుట ప్రశ్నించినారు. కానుకను పరీక్షించుటకు ఇంతకంటె సూటియైన గీటురాయిని మేము ఎరుగము. కానుక మనిషిని వెదకుకొనుచు వచ్చినదా, కుర్చీని వెదకుకొనుచు వచ్చినదా యనునదే ప్రశ్న.

పండ్రెండవ శతాబ్దమున బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన హిదాయా గ్రంథము ఈ గీటురాయిని నియమముగా మలచినది. దాని ప్రకారము ఖాజీ ఇద్దరినుండి మాత్రమే కానుక పుచ్చుకొనవచ్చును. ఒకరు వివాహము నిషిద్ధమైనంతటి దగ్గర రక్తబంధువు. రెండవవారు ఖాజీ పదవి రాకముందునుండియే కానుక ఇచ్చు వాడుక గలవారు. అందును రెండు హద్దులు కలవు. వారికి ఆయన ఎదుట వ్యాజ్యము ఉండరాదు. వాడుకగా ఇచ్చువారు మునుపటికంటె ఎక్కువ ఇచ్చినచో ఆ ఎక్కువను పుచ్చుకొనరాదు. పదవి వచ్చిన తరువాత పెరిగిన కానుక పదవికి వచ్చిన కానుకయే గదా!

దావతుల విషయమునను హిదాయా ఇట్లే హద్దు గీచినది. అందరినీ పిలిచిన విందుకు ఖాజీ పోవచ్చును. ప్రత్యేకమైన విందుకు పోరాదు. ప్రత్యేకమైన విందు ఏదనగా, ఖాజీ రాడని తెలిసినచో గృహస్థుడు చేయకుండ మానుకొను విందు. జనాజాకు పోవుటకు, రోగిని చూచుటకు మాత్రము అడ్డు లేదు. అవి మనిషికి మనిషి తీర్చవలసిన ఋణములు. న్యాయమూర్తి సంఘమును విడిచి సన్న్యాసి కావలెనని శాస్త్రము కోరలేదని దీనివలన స్పష్టమగుచున్నది. ఈ హిదాయాయే 1791లో ఛార్లెస్ హామిల్టన్‌చే ఆంగ్లములోనికి అనువదింపబడి, కంపెనీవారి న్యాయస్థానములలో ముస్లిం ధర్మశాస్త్రమునకు ఆధారగ్రంథములలో ఒకటియైనది.

ప్రాచీన హిందూ రాజనీతియు ఈ ప్రమాదమును ఉపేక్షింపలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము న్యాయాధికారులను పరీక్షించుటకు గూఢచారులను పంపుమని చెప్పుచున్నది. "నా బంధువు చిక్కులో ఉన్నాడు, ఈ ధనము పుచ్చుకొని విడిపింపుడు" అని గూఢచారి అడుగును. అంగీకరించిన అధికారిని దేశమునుండి వెడలగొట్టవలెను. కౌటిల్యుడు లంచమును పట్టుటకు వల పన్నినాడు. హిదాయా కానుక మొలకెత్తు దశలోనే దానిని ఆపజూచినది.

నజరానా నుండి చట్టము వరకు

మన దేశమున పెద్దలను దర్శించునప్పుడు వట్టిచేతులతో పోరాదను మర్యాద పాతది. హైదరాబాదు దర్బారులో నిజాము ప్రభువులకు అష్రఫీలు నజరు పెట్టుట ఇట్టి మర్యాదయే. ఉత్తర హిందూస్థానమున ఆంగ్ల దొరలకు పండుగలకు పండ్ల బుట్టలు పంపెడివారు. దానిని డాలీ అనెడివారు. మర్యాద చాటున బంగారము ఎంత చేతులు మారినదో చూచిన బ్రిటిషు పార్లమెంటు 1773లో రెగ్యులేటింగు చట్టము చేసినది. గవర్నరు జనరలు, ఆయన సభ్యులతోపాటు కలకత్తాలో స్థాపింపనున్న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సైతము ఎట్టి కానుకయు ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని పుచ్చుకొనరాదని ఆ చట్టము శాసించినది.

ఐనను కానుక కొత్త రూపమున వచ్చినది. ఆ న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపీకి 1780లో వారన్ హేస్టింగ్సు ప్రభుత్వము సదర్ దీవానీ అదాలతు అధ్యక్షత కూడ అప్పగించినది. ఆ పదవికి వేరు జీతము కలదు. దానిని ఇచ్చుటయు తీసివేయుటయు ప్రభుత్వము చేతిలోనిదే. అంతవరకు ఆ ప్రభుత్వముతోనే ఆ న్యాయస్థానమునకు తగవు నడుచుచుండెను. ఈ కారణమున 1782లో పార్లమెంటు ఇంపీని వెనుకకు పిలిపించినది. తరువాత ఆయనపై తెచ్చిన అభిశంసన యత్నము 1788లో వీగిపోయినది. కానుకయన్నచో వెండి బంగారములే కానక్కరలేదని, పదవియు కానుక కాగలదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. పదవీ విరమణానంతరము ప్రభుత్వము ఇచ్చు పదవులను గూర్చి మన కాలమున జరుగు చర్చకు వేరు ఇక్కడనే కలదు.

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 165వ సెక్షను ఈ విషయమును చక్కని ఉదాహరణములతో వివరించినది. తన ఎదుట వ్యవహారము ఉన్నవానినుండి తగిన వెల ఇయ్యకుండ విలువైన వస్తువును పొందుటయే నేరమని ఆ సెక్షను తాత్పర్యము. రెండు వందల రూపాయల అద్దె రాదగిన ఇంటిని, భూమి వ్యవహారము ఉన్నవానినుండి కలెక్టరు యాబది రూపాయలకు అద్దెకు తీసికొనుట ఒక ఉదాహరణము. తన న్యాయస్థానమున దావా ఉన్నవానినుండి, బజారులో అధిక ధరకు పోవుచున్న ప్రభుత్వ ప్రామిసరీ నోట్లను న్యాయమూర్తి తక్కువ ధరకు కొనుట మరియొకటి. ఇందు ఎవడును ఎవనికిని సొమ్ము "ఇచ్చి"నట్లు కనబడదు. అద్దె ఉన్నది, క్రయము ఉన్నది. అయినను తక్కువైన నూటయాబది రూపాయలే కానుక. ప్రతిఫలముగా తీర్పు మారినదని రుజువు చేయవలసిన అవసరము కూడ లేదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టము వచ్చినప్పుడు ఈ సెక్షను శిక్షాస్మృతినుండి తొలగి, ఆ చట్టపు 11వ సెక్షనుగా నిలిచినది.

ఉన్నత న్యాయస్థానము – స్వాతంత్ర్యము, జవాబుదారీ

కింది న్యాయస్థానముల అధికారులమీద ఉన్నత న్యాయస్థానమునకు అదుపు కలదు. ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తిమీద అట్టి పై అధికారి లేడు. ఇది పొరపాటున జరిగినది కాదు. ప్రభుత్వమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పవలసినవాడు ప్రభుత్వము చేతిలో ఉండరాదని రాజ్యాంగ నిర్మాతలు కోరినారు. అందువలన 124, 217, 218 అధికరణముల ప్రకారము, రుజువైన దుష్ప్రవర్తన లేక అశక్తత అను కారణములతో, పార్లమెంటు ఉభయసభలు ప్రత్యేకమైన అధిక సంఖ్యతో తీర్మానించిననే న్యాయమూర్తిని తొలగింపవచ్చును. 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టము ప్రకారము లోక్‌సభలో నూరుమంది గాని, రాజ్యసభలో యాబదిమంది గాని సభ్యులు సంతకము చేసినగాని విచారణ మొదలు కాదు.

ఈ మార్గము ఎంత దుర్గమమో అనుభవమే చెప్పుచున్నది. 1993 మే నెలలో జస్టిస్ వి. రామస్వామిపై వచ్చిన తీర్మానమునకు లోక్‌సభలో 196 మంది అనుకూలముగా ఓటు వేయగా, 205 మంది ఓటు వేయక ఊరకుండినందున అది వీగిపోయినది. 2011లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్‌పై తీర్మానమును రాజ్యసభ ఆమోదించినది. లోక్‌సభ చేపట్టుటకు ముందే ఆయన రాజీనామా చేసినారు.

క్రిమినలు చట్టము వర్తించునా యను సందేహమును సుప్రీంకోర్టు 1991లో తీర్చినది. మద్రాసు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. వీరాస్వామి కేసులో, ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి సైతము అవినీతి నిరోధక చట్టము దృష్టిలో ప్రభుత్వ సేవకుడేయని తీర్పు వచ్చినది. అయితే భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదింపక ఆయనపై కేసు నమోదు చేయరాదని, దుష్ప్రచారమునుండియు ప్రభుత్వ కక్షనుండియు కాపాడుటకై ఒక అడ్డుకట్టయు అందే ఏర్పడినది.

ఇక 1995లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిపై, విదేశీ ప్రచురణ సంస్థనుండి తన గ్రంథమునకు మితిమీరిన రాయల్టీ పొందినారను ఆరోపణ లేచినది. ఆయన పదవిని వదలుకొన్నారు. గ్రంథరచనకు ప్రతిఫలము పొందుట తప్పు కాదు. ప్రతిఫలమునకును గ్రంథపు విలువకును పొంతన లేదని సందేహము పుట్టుటయే చిక్కు. ఈ సందర్భమున సి. రవిచంద్రన్ అయ్యర్ కేసులో సుప్రీంకోర్టు, అభిశంసనకు తగినంత పెద్దది గాని, ఊరక విడువదగినంత చిన్నది గాని కాని ప్రవర్తనకు న్యాయవ్యవస్థలోపలనే విచారణ ఉండవలెనని మార్గము చూపినది.

పదునారు సూత్రములు

ఆ ఆలోచనకు ఫలముగా 1997 మే 7వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరు కూడి న్యాయజీవన విలువల పునఃప్రకటన అను పత్రమును ఆమోదించినారు. 1999లో ఉన్నత న్యాయస్థానముల ప్రధాన న్యాయమూర్తుల సమావేశమును దానిని స్వీకరించినది. ఇందు పదునారు సూత్రములు కలవు. తన న్యాయస్థానమున వాదించు న్యాయవాదులతో వ్యక్తిగతమైన అతిసాన్నిహిత్యము కూడదు. దగ్గరి బంధువైన న్యాయవాది తన ఎదుట వాదింపరాదు. నిధులు వసూలు చేయు కార్యములలో చేరరాదు. తన వాటాలున్న కంపెనీ వ్యాజ్యమును ఆ సంగతి వెల్లడింపక విచారింపరాదు. కానుకల విషయమున కుటుంబసభ్యులు, దగ్గరి బంధువులు, మిత్రులు తప్ప ఇతరులనుండి కానుకలు గాని ఆతిథ్యము గాని స్వీకరింపరాదని ఉన్నది.

ఈ సూత్రమును హిదాయాతో పోల్చి చూచిన ఒక భేదము కనబడును. "మిత్రుడు" అను మాటకు ఈ పత్రము హద్దు చెప్పలేదు. పదవి వచ్చుటకు ముందటి మిత్రుడా, వచ్చిన తరువాత ఏర్పడిన మిత్రుడా? చిన్ననాటి సహాధ్యాయి పంపిన మిఠాయి వేరు, నిరుడు పరిచయమైన గుత్తేదారు పంపిన గడియారము వేరు. హిదాయా ఈ ప్రశ్నను ముందే అడిగి, పూర్వపు వాడుకను కొలబద్దగా పెట్టినది.

బెంగుళూరులో 2001లో ముసాయిదాగా రూపొంది, 2002లో హేగ్ నగరమున సవరింపబడిన బెంగుళూరు సూత్రములు మరికొంత స్పష్టత తెచ్చినవి. న్యాయమూర్తియే కాక ఆయన కుటుంబసభ్యులును, విధికి సంబంధించి కానుక గాని అప్పు గాని ఉపకారము గాని అడుగరాదు, పుచ్చుకొనరాదు. ఆయన అధికారము కింద పనిచేయు సిబ్బందిని కూడ పుచ్చుకొననీయరాదు. సందర్భమునకు తగిన చిన్న జ్ఞాపికను మాత్రము, ప్రభావితము చేయుటకు ఇచ్చినదని ఎవరును న్యాయముగా అనుమానింపలేనప్పుడు, స్వీకరింపవచ్చును. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి 2006లో ఈ సూత్రములను బలపరచినది.

అయితే 1997 పత్రమును ఉల్లంఘించినచో శిక్ష ఏమి? 1999లో ఏర్పడిన అంతర్గత విచారణ విధానము ప్రకారము ప్రధాన న్యాయమూర్తి హెచ్చరింపవచ్చును, పని అప్పగింపక ఉండవచ్చును, రాజీనామా చేయుమని సలహా ఇయ్యవచ్చును. అంతకుమించిన అధికారము లేదు. ఈ ప్రమాణములకు చట్టరూపము ఇయ్యవలెనని 2010లో తెచ్చిన బిల్లు 2012లో లోక్‌సభ ఆమోదము పొందియు, 2014లో సభ ముగియుటతో మురిగిపోయినది. ఆస్తుల ప్రకటన విషయమున మాత్రము కొంత ముందడుగు పడినది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరు తమ ఆస్తుల వివరములను ప్రజలకు తెలియజేయుటకు తీర్మానించినారు. కాని వచ్చిన కానుకను వ్రాసియుంచు పుస్తకమును గూర్చి 1997 పత్రములో ప్రస్తావన లేదు. అట్టి పుస్తకము ఒకటి ప్రతి ఉన్నత న్యాయస్థానమునను ఉండుట మేలని మా అభిప్రాయము. దాచవలసిన పని లేని కానుకను వ్రాయుటకు ఎవరును వెనుదీయరు.

నియమములకంటె ముందు మనిషి ఉండవలెననుటకు ఒక దృష్టాంతము చెప్పెదము. 2008 ఆగస్టులో చండీగఢునందు పంజాబు, హర్యానా హైకోర్టు న్యాయమూర్తి నిర్మల్‌జిత్ కౌర్ ఇంటికి ఒక గుమాస్తా ఒక పొట్లము తెచ్చి ఇచ్చినాడు. అందు పదునైదు లక్షల రూపాయలు ఉండినవి. ఆమె క్షణమైనను ఉపేక్షింపక పోలీసులకు తెలియజేసినారు. ఆ ధనము వేరొక న్యాయమూర్తికి ఉద్దేశింపబడినదను ఆరోపణతో నడచిన కేసు 2025 మార్చిలో ఆ న్యాయమూర్తిని నిర్దోషిగా విడుదల చేయుటతో ముగిసినది. పదునారు సంవత్సరములకు పైగా ఒక న్యాయమూర్తి పేరు అనుమానపు నీడలో ఉండినది. ఇందువలన తెలియునదేమనగా, కానుకలను దూరముగా నిలుపు నియమము ప్రజలకెంత రక్షణయో, న్యాయమూర్తికిని అంత రక్షణ. ఏ కానుకయు ముట్టడని పేరు పొందిన ఇంటిమీద నింద నిలుచుట కష్టము.

ఇచ్చువారి బాధ్యత

ఇంతవరకు పుచ్చుకొనువారిని గూర్చియే పలికినాము. ఇచ్చువారు మనమే గదా! లంచము ఇచ్చువాడును పుచ్చుకొనువాడును దోషమున సమానులని మన ధర్మము చెప్పుచున్నది. కానుకను గూర్చియు మన సంస్థలు ఈ దృష్టితో ఆలోచింపవలసి ఉన్నది.

వార్షికోత్సవములకు, పట్టప్రదానములకు న్యాయమూర్తులను ముఖ్య అతిథులుగా పిలుచుట మన విద్యాసంస్థలన్నిటికి గౌరవమే. విద్యార్థులకు వారి ఉపన్యాసము మేలు చేయును. అయితే రాజ్యాంగము 30వ అధికరణము ద్వారా అల్పసంఖ్యాకులకు ఇచ్చిన విద్యాహక్కు విషయమై ప్రవేశములు, ఫీజులు, గుర్తింపు మొదలగు తగవులలో అల్పసంఖ్యాక సంస్థలు తరచుగా హైదరాబాదులోను అమరావతిలోను గల ఉన్నత న్యాయస్థానముల మెట్లు ఎక్కవలసి వచ్చుచున్నది. ఒక చేతితో రిట్ పిటిషను దాఖలు చేసి, మరియొక చేతితో అదే న్యాయస్థానపు న్యాయమూర్తికి వెండి జ్ఞాపిక సమర్పించినచో, మన హృదయము ఎంత నిర్మలమైనను ఎదుటి కక్షిదారుడు ఏమనుకొనును? మన పక్షమున వచ్చిన న్యాయమైన తీర్పునకు మనమే మచ్చ తెచ్చినవారమగుదుము. హక్కును న్యాయముగా గెలుచుకొన్న సంస్థకు, కానుకతో గెలిచినదను అపవాదుకంటె పెద్ద నష్టము లేదు.

కావున కమిటీ పెద్దల ఆలోచనకై కొన్ని సూచనలు మనవి చేయుచున్నాము. మొదటిది, సంస్థకు గాని, దాని కార్యవర్గ సభ్యులకు గాని ఒక న్యాయస్థానమున వ్యాజ్యము నడుచుచున్నంత కాలము ఆ న్యాయస్థానపు న్యాయమూర్తిని అతిథిగా పిలువకుండుట. రెండవది, పిలిచినప్పుడు ఆహ్వానమును లిఖితపూర్వకముగా పంపుట. బంధువుల ద్వారాను, న్యాయవాదుల ద్వారాను కబురంపకుండుట. మూడవది, పూలదండ, ఒక పుస్తకము, మన విద్యార్థులు స్వయముగా వ్రాసిన ఒక ఖత్ పలక, వీనితో సన్మానమును ముగించుట. ఖరీదు తక్కువైనంత మాత్రమున గౌరవము తగ్గదు. నాలుగవది, ఇచ్చినదేదో మినిట్సు పుస్తకమున వ్రాయుట. ఐదవది, అతిథి ప్రయాణమునకు గాని విడిదికి గాని మూడవ వ్యక్తి వాహనమును, బంగళాను ఉపయోగింపకుండుట. ఆ మూడవ వ్యక్తికి ఏ వ్యాజ్యము కలదో మనకు తెలియదు.

విద్యార్థులలో కొందరు రేపు న్యాయవాదులు కాగలరు. కొందరు కోర్టు కచ్చేరీలలో గుమాస్తాలుగా, సహాయకులుగా చేరగలరు. అదృష్టవంతులు న్యాయపీఠమును అలంకరింతురు. ఈ అలవాట్లు నియామక పత్రముతోపాటు వచ్చునవి కావు. పరీక్షాధికారి ఇంటికి పండ్లు తీసికొనిపోవుట మర్యాదయేయని నమ్మిన విద్యార్థి, న్యాయవాదియై న్యాయమూర్తి ఇంటికి మిఠాయి పంపుటలో తప్పు చూడలేడు. "నేను ఈ కుర్చీలో లేకున్నచో ఇది నాకు వచ్చెడిదా?" అను ప్రశ్నను పుచ్చుకొనునప్పుడు, "ఆయన ఆ కుర్చీలో లేకున్నచో నేనిది ఇచ్చెడివాడనా?" అను ప్రశ్నను ఇచ్చునప్పుడు అడుగుకొను అలవాటు ఇప్పుడే మొదలు కావలెను.

న్యాయస్థానమున ప్రతి వ్యాజ్యమునను ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. గెలిచినవాడు న్యాయమూర్తిని పొగడుట సహజము. అది సాక్ష్యము కాదు. పొలమును గాని, ఉద్యోగమును గాని పోగొట్టుకొని, సాయంకాలము బస్సులో ఊరికి తిరిగిపోవు కక్షిదారుడు "నా మాట విన్నారు, చట్టము నాకు అనుకూలముగా లేదు" అని తన ఇంటివారితో చెప్పుకొనగలిగిననాడు ఆ న్యాయస్థానము నిలిచినట్లు. వానికి ఆ నమ్మకము మిగులునట్లు చూచుట న్యాయమూర్తి ధర్మము. ఆ నమ్మకమును చెడగొట్టు ఏ వస్తువును ఆ ఇంటి వాకిటికి మోసికొనిపోకుండుట మన ధర్మము.